ప్రపంచ వ్యవహారాల చదువు: ముందు పని, తర్వాత పట్టా

ఇంజనీరింగ్, మెడిసిన్, ఎం.బి.ఏ. - మన ఇళ్లలో పిల్లల పైచదువుల మాట వస్తే చాలా కాలం ఈ మూడు పేర్లే వినిపించేవి. ఇప్పుడు మెల్లగా నాలుగో పేరు చేరుతోంది. డిగ్రీ పూర్తి చేసిన అమ్మాయో అబ్బాయో ‘గ్లోబల్ అఫైర్స్‌లో మాస్టర్స్ చేస్తాను’ అంటున్నారు. ప్రపంచ వ్యవహారాలు, అంతర్జాతీయ సంబంధాలు, దౌత్యం - పేరు ఏదైనా చదువు దాదాపు ఒకటే. ఆ మాట విన్న తండ్రికి అది ఏం చదువో తెలియదు. చదివాక ఏం ఉద్యోగం వస్తుందో తల్లికి తెలియదు. కన్సల్టెన్సీ ఆఫీసులో కూర్చున్న మనిషికి మాత్రం అన్నీ తెలుసు. ఫీజు ఎంతో, వీసాకు ఏ కాగితాలు కావాలో, ఏ బ్యాంకు అప్పు ఇస్తుందో గడగడా చెబుతాడు. చదువు ముగిశాక బిడ్డ ఎక్కడ తేలుతుందన్నది ఒక్కటే చెప్పడు.

ఈ చదువు మంచిదే. మన సమాజానికి అవసరమైనది కూడా. అయితే దీన్ని ఎంచుకునే పద్ధతిలోనే మనవాళ్లు పొరపాటు చేస్తున్నారు. ఇంజనీరింగ్ సీటు కొన్నట్టు దీన్ని కూడా డబ్బు పోసి కొనవచ్చు అనుకుంటున్నారు. ఇది అలాంటి చదువు కాదు. ముందు భాష, తర్వాత పని, ఆ తర్వాత పట్టా. ఈ వరుస తప్పితే ఆస్తి కరుగుతుంది, బిడ్డ వయసు గడుస్తుంది. చివరికి మిగిలేది గోడకు వేలాడే పటం.

ఇందులో ఏం నేర్పుతారు?

అంతర్జాతీయ సంబంధాలలో ఎం.ఏ. మన దేశంలో చాలా ఏళ్లుగా ఉన్నదే. అందులో సిద్ధాంతాలు, చరిత్ర, పరిశోధన ప్రధానం. ఆ దారిన వెళ్లినవారు పిహెచ్.డి. చేసి అధ్యాపకులు కావచ్చు. వృత్తి విద్యగా నేర్పే మాస్టర్స్ వేరు. అక్కడ ఆర్థికశాస్త్రం, గణాంకాలు, అంతర్జాతీయ చట్టం, సంప్రదింపులు జరిపే పద్ధతి, ఒక ప్రాంతం గురించి లోతైన పరిచయం, ఒక విదేశీ భాష నేర్పుతారు. రెండు వందల పేజీల సిద్ధాంత గ్రంథం రాయమనరు. ఒక చిక్కు సమస్యను తీసుకుని, తీరిక లేని మంత్రిగారు అయిదు నిమిషాల్లో చదివి నిర్ణయం తీసుకోగలిగేలా రెండు పేజీల్లో రాయమంటారు. అమెరికాలో ఇది సాధారణంగా రెండేళ్లు, బ్రిటన్‌లో ఒక్క ఏడాది. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయం, అమెరికాలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయం సరిగ్గా ‘మాస్టర్ ఆఫ్ గ్లోబల్ అఫైర్స్’ పేరుతోనే పట్టా ఇస్తున్నాయి.

ఈ బడులు ఎందుకు పుట్టాయో తెలిస్తే మన లెక్క మనకు సులువవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1919లో, వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం విదేశాంగ సేవల కోసం ప్రత్యేకంగా ఒక కళాశాల తెరిచింది. నానాజాతి సమితి కొలువున్న జెనీవాలో 1927లో మరొకటి వెలిసింది. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగానే 1943లో వాషింగ్టన్‌లో ఇంకొకటి మొదలైంది. నేడు అది జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో భాగం. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం 1946లో తన స్కూలును ప్రారంభించింది. యుద్ధాల తర్వాత ప్రపంచాన్ని నడపడానికి చదువుకున్న మనుషులు కావలసి వచ్చారు. అమెరికా బడులు ప్రధానంగా తయారు చేసుకున్నది తమ దేశపు అధికారులనే.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. అమెరికాలో ఈ చదువు చదివిన అమెరికా పౌరుడికి మొదటి తలుపు ఆ దేశపు విదేశాంగ శాఖ, ఇతర కేంద్ర ప్రభుత్వ శాఖలు. ఆ ఉద్యోగాలకు పౌరసత్వం కావాలి. కరీంనగర్ నుంచో కడప నుంచో వెళ్లిన మన బిడ్డకు ఆ తలుపు మూసే ఉంటుంది. కళాశాల తన పుస్తకంలో ‘మా విద్యార్థుల్లో ఇంతమందికి ఉద్యోగాలు వచ్చాయి’ అని అచ్చువేసినప్పుడు ఆ లెక్కలో ఈ ఉద్యోగాలు కూడా కలిసే ఉంటాయి. కాబట్టి అడగవలసిన ప్రశ్న ‘ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి?’ అని కాదు. ‘మీ దేశ పౌరులు కానివారిలో ఎంతమందికి వచ్చాయి? ఎక్కడ వచ్చాయి?’ అని. ఆ అంకె చెప్పడానికి వెనకాడే కళాశాలకు మన డబ్బు వెనకాడకుండా ఎందుకు ఇవ్వాలి?

ఒక్కసారి లెక్క వేసి చూడండి

అమెరికాలోని పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఈ చదువుకు ఏడాది ఫీజు 50 వేల డాలర్లు దాటుతుంది. డాలరు 85 రూపాయలని తగ్గించి లెక్క వేసినా రెండేళ్లకు ఫీజు ఒక్కటే 85 లక్షల రూపాయలు. ఇంటి అద్దె, తిండి, ఆరోగ్య బీమా దీనికి అదనం. కోటి దాటుతుంది. స్కాలర్‌షిప్పు కొంత తగ్గించి, మిగిలిన దానికి 50 లక్షలు అప్పు చేశారనుకుందాం. నూటికి 11 చొప్పున ఏడాదికి వడ్డీ అయిదున్నర లక్షలు. అంటే నెలకు దాదాపు 46 వేలు వడ్డీకే పోతాయి. అసలు అలాగే ఉంటుంది. వడ్డీ విషయంలో మన కుటుంబాల్లో ఉన్న అభ్యంతరం తెలిసిందే. అది మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవలసిన విషయం. ఆ అభ్యంతరాన్ని కాసేపు పక్కన పెట్టి, వట్టి లెక్కగా చూసినా ఈ అప్పు చదువు ముగించిన బిడ్డ మెడకు బండరాయి.

కంప్యూటర్ కోర్సుకు కూడా ఇలాగే అప్పు చేస్తున్నారు కదా అనవచ్చు. తేడా ఉంది. సైన్సు, టెక్నాలజీ చదువులుగా గుర్తింపు పొందిన కోర్సులు చేసినవారికి అమెరికాలో చదువు తర్వాత మొత్తం మూడేళ్లు పని చేసుకునే వీలుంది. ఆ గుర్తింపు లేని కోర్సులకు ఆ గడువు ఒక్క ఏడాదే. ప్రపంచ వ్యవహారాల కోర్సుల్లో కొన్నింటికే ఆ గుర్తింపు ఉంది. కోటి రూపాయల చదువుకు పన్నెండు నెలల గడువు అంటే ఏమిటో వ్యాపారం తెలిసిన ఏ తండ్రికైనా అర్థమవుతుంది. దరఖాస్తు పెట్టేముందే కోర్సుకు ఆ గుర్తింపు ఉందా లేదా అని రాతపూర్వకంగా తెలుసుకోండి.

బ్రిటన్‌లో చదువు ఏడాదే కాబట్టి ఖర్చు తగ్గుతుంది. కానీ 2024 జనవరి నుంచి, పరిశోధన కోర్సులకు కాకుండా మామూలు మాస్టర్స్‌కు వెళ్లేవారు సొంత ఖర్చుతో చదివితే భార్యను, భర్తను, పిల్లలను వెంట తీసుకెళ్లే వీలు లేదు. కొత్తగా నికాహ్ అయినవారు, చిన్నపిల్లలున్నవారు ఇది గుర్తుంచుకోవాలి.

మారిన గాలి

ఈ రంగంలో ఉద్యోగాల తీరు కూడా 2025లో ఒక్కసారిగా మారిపోయింది. పేద దేశాలకు అమెరికా ఇచ్చే సాయాన్ని నడిపిన యు.ఎస్. ఎయిడ్ సంస్థ ఆ ఏడాది జూలై నాటికి మూతపడినట్టే అయింది. దాని డబ్బు మీద ఆధారపడిన స్వచ్ఛంద సంస్థలు దేశదేశాల్లో సిబ్బందిని తీసేశాయి. ఐక్యరాజ్యసమితి కూడా నిధులు లేక ఉద్యోగాలు తగ్గించే పనిలో పడింది. నిన్నటిదాకా అనుభవజ్ఞులు చేసిన ఉద్యోగాలు పోయినప్పుడు ఆ అనుభవజ్ఞులే కొత్తవారితో పాటు వరుసలో నిలబడతారు. ‘చదివితే యు.ఎన్.లో ఉద్యోగం’ అని చెప్పే కన్సల్టెన్సీ ఈ మాట చెప్పదు. చాలా కన్సల్టెన్సీలకు కమీషన్ ఇచ్చేది విశ్వవిద్యాలయాలే. అమ్మేవాడు సరుకులోని లోపం చెబుతాడా?

ఐక్యరాజ్యసమితి గురించి మరో రెండు సంగతులు. సమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కు జీతం లేదు. న్యూయార్క్‌లోనో జెనీవాలోనో సొంత ఖర్చుతో నెలల తరబడి ఉండాలి. యువ ఉద్యోగుల కోసం సమితి జరిపే పరీక్షకు వయోపరిమితి 32 ఏళ్లు. అది కూడా అన్ని దేశాలవారికీ ప్రతి ఏడాదీ ఉండదు. ఆ ఏడాది జాబితాలో మన దేశం ఉంటేనే మనవారు రాయగలరు.

ఇంకొక విషయం మన పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. 2025లో పాలస్తీనా విషయమై నిరసనల్లో పాల్గొన్న కొందరు విదేశీ విద్యార్థుల వీసాలను అమెరికా రద్దు చేసింది. అదే ఏడాది జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవారు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలని నిబంధన పెట్టింది. రాజకీయాలే పాఠ్యాంశంగా ఉన్న చదువుకు వెళ్తూ, నోరు విప్పడానికి రెండుసార్లు ఆలోచించవలసిన పరిస్థితి ఇది. భయపడి మానుకోమని కాదు. తెలిసి వెళ్లమని.

మరి ఈ చదువు మనకెందుకు?

ఇన్ని చిక్కులున్నప్పుడు దీని జోలికే పోవద్దు అనవచ్చు. ఆ మాట అనలేం. ఎందుకంటే ప్రపంచ వ్యవహారాలు మన ఇంటి వ్యవహారాలై చాలా కాలమయింది. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, హైదరాబాద్ పాతబస్తీ, కడప - గల్ఫ్‌లో మనిషి లేని వీధి ఈ ఊళ్లలో అరుదు. 2013లో సౌదీ ప్రభుత్వం నితాఖత్ అమలుకు గడువు పెడితే ఇక్కడ కుటుంబాల నిద్ర పోయింది. 2020లో కరోనా వస్తే విమానాల కోసం ఎదురుచూసింది మనవాళ్లే. ఎక్కడో రియాద్‌లో రాసిన చట్టం ఇక్కడ ఒక ఇంటి పొయ్యిని ఆర్పుతుంది, వెలిగిస్తుంది. ఆ చట్టాన్ని అరబీలో చదివి, అర్థం చేసుకుని, మనవాళ్లకు చెప్పి, ఢిల్లీకి వినిపించగల చదువుకున్నవారు మనలో ఎందరున్నారు?

సిరిసిల్ల కేసు గుర్తు చేసుకోండి. దుబాయిలో నేపాల్‌కు చెందిన ఒక కాపలాదారు హత్య కేసులో శిక్ష పడిన సిరిసిల్ల ప్రాంతపు కూలీలు అయిదుగురు సుమారు 18 ఏళ్లు జైలులో గడిపి 2024లో ఇల్లు చేరారు. ఆ కేసులో ఎన్ని చిక్కుముళ్లున్నాయో చూడండి. నేరం జరిగింది దుబాయిలో. చనిపోయిన మనిషి నేపాలీ. శిక్ష పడింది తెలుగువారికి. బాధిత కుటుంబం క్షమాపణ కోసం 2011లోనే ఇక్కడి నాయకులు నేపాల్ దాకా వెళ్లి పరిహారం అందించవలసి వచ్చింది. దియా అంటే ఏమిటి, క్షమాపణ పత్రం ఏ రూపంలో ఉండాలి, అది ఏ కోర్టుకు చేరాలి, మన రాయబార కార్యాలయం చేయగలిగింది ఎంత - ఇవన్నీ తెలిసిన ఒక్క మనిషి మొదటి రోజునే ఆ కుటుంబాలకు దొరికితే దారి కొంతయినా స్పష్టంగా కనిపించేది. ప్రపంచ వ్యవహారాలంటే అగ్రరాజ్యాల చదరంగం ఒక్కటే కాదు. ఇది కూడా.

వ్యాపారం సంగతి చూడండి. భారత్, యు.ఎ.ఇ.ల మధ్య ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2022 మే నుంచి అమలులో ఉంది. హైదరాబాద్ మందుల కంపెనీలు ప్రపంచమంతటికీ ఎగుమతి చేస్తున్నాయి. మాంసం, తినుబండారాల ఎగుమతికి హలాల్ ధ్రువీకరణ నియమాలు తెలిసినవారు కావాలి. 2023లో యు.ఎ.ఇ. హైదరాబాద్‌లోనే కాన్సులేట్ తెరిచింది. అమెరికా, ఇరాన్, తుర్కియే కాన్సులేట్లు ఇప్పటికే ఇక్కడ ఉన్నాయి. ఇలాంటి చోట్ల పనిచేసేవారికి తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, అరబీ నాలుగూ వచ్చి, ఒప్పందపు కాగితం చదివి విప్పి చెప్పగలిగితే వారి విలువ వేరు. అలాంటివారు దొరకడం కష్టం. మన పిల్లలు దొరకవచ్చు.

మన చేతిలో ఉన్న మూలధనం

ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరు. అరబీ వాటిలో ఒకటి. 1973లో అది సర్వసభ్య సభ భాషల్లో చేరింది. మన ఇళ్లలో పిల్లలు నాలుగైదేళ్ల వయసులోనే ఆ లిపి నేర్చుకుంటారు. ఉర్దూ మాట్లాడే ఇంట్లో అరబీ మాటలు వేలకొద్దీ నోట నలిగినవే. ఇతరులు రెండేళ్లు కష్టపడి చేరే మెట్టు దగ్గరికి మన పిల్లలు బాల్యంలోనే వచ్చేస్తారు. వచ్చి అక్కడే ఆగిపోతారు. ఖురాన్‌ను తజ్వీద్‌తో చక్కగా చదివే పిల్లవాడికి అరబీ పత్రికలో ఒక వార్త ఇచ్చి చూడండి. అక్షరాలు చదువుతాడు, అర్థం చెప్పలేడు. చదవడానికీ అర్థం చేసుకోవడానికీ మధ్య ఉన్న ఆ కొద్ది దూరం నడిపించగలిగితే కోటి రూపాయల కోర్సు ఇవ్వలేని యోగ్యత మన బిడ్డకు వస్తుంది. హైదరాబాద్‌లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఇఫ్లూ, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం అరబీ నేర్పుతున్నాయి. ఖర్చు తక్కువ. ఇంటి దగ్గరే.

మదర్సాల్లో చదివినవారి సంగతి ఇంతకంటే మెరుగు. వారికి అరబీ వచ్చు, ఫిఖ్హ్ వచ్చు. లేనివి ఇంగ్లీషు, ఆర్థికశాస్త్రం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న డిగ్రీ. ఆ లోటు పూడ్చడానికి అలీగఢ్ విశ్వవిద్యాలయంలో బ్రిడ్జి కోర్సు ఉంది. ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ అలాంటి ఏర్పాటు ఉంది. ఆ మెట్టు దాటినవారికి ఏ తలుపైనా తెరుచుకుంటుంది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి మన దేశంలో దేవ్‌బంద్, నద్వాలలో చదువుకున్న ఇబ్రాహీం మూసా, పైన చెప్పిన నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలోని గ్లోబల్ అఫైర్స్ స్కూలులోనే ఆచార్యుడయ్యారు. మదర్సా చదువుకూ ఈ చదువుకూ మధ్య గోడ లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఢిల్లీ దారి

రాయబారి కావాలన్నదే పిల్లల కోరిక అయితే ఒక మాట తేటగా చెప్పాలి. మన దేశంలో ఐ.ఎఫ్.ఎస్. లోకి వెళ్లేది యు.పి.ఎస్.సి. సివిల్ సర్వీసెస్ పరీక్ష ద్వారా. దానికి కావలసింది ఏదైనా ఒక డిగ్రీ. విదేశీ మాస్టర్స్‌కు అందులో ఒక్క మార్కూ అదనంగా లేదు. హైదరాబాద్‌వాసి సయ్యద్ అక్బరుద్దీన్ 1985లో ఈ పరీక్ష దారినే విదేశాంగ సేవలోకి వెళ్లారు. జిద్దాలో కాన్సుల్ జనరల్‌గా పనిచేశారు. 2016 నుంచి 2020 వరకు ఐక్యరాజ్యసమితిలో భారతదేశపు గొంతుక ఆయనే. హైదరాబాద్‌లో పుట్టిన ఆబిద్ హుస్సేన్ 1990 నుంచి 1992 వరకు అమెరికాలో మన రాయబారి. ఆయన వచ్చింది ఐ.ఎ.ఎస్. నుంచి. ఈ దారికి కోటి రూపాయలు అక్కర్లేదు. నాలుగైదేళ్ల కఠోర శ్రమ కావాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. రాష్ట్రంలో బి.సి.-ఇ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన కేంద్ర ఓ.బి.సి. జాబితాలో ఉన్నట్టు కాదు. మీ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి. వయోపరిమితి లెక్క దాని మీదే ఆధారపడి ఉంటుంది.

పరీక్ష రాస్తూనే ఈ విషయం చదవాలనుకునేవారికి ఢిల్లీలో జె.ఎన్.యు. ఉంది. అక్కడి అంతర్జాతీయ అధ్యయనాల స్కూలు 1955లో విడి సంస్థగా పుట్టి 1970లో విశ్వవిద్యాలయంలో కలిసింది. ట్యూషన్ ఫీజు నామమాత్రం. జామియా మిల్లియాలో అంతర్జాతీయ అధ్యయనాల అకాడమీ, అలీగఢ్‌లో పశ్చిమాసియా అధ్యయనాల విభాగం ఉన్నాయి. సార్క్ దేశాలు కలిసి పెట్టుకున్న సౌత్ ఏషియన్ యూనివర్సిటీ కూడా ఢిల్లీలోనే ఉంది. ఆడపిల్లను అమెరికాకు ఒంటరిగా పంపడానికి మనసొప్పని తల్లిదండ్రులకు ఇవి మంచి మార్గాలు. ‘పంపం’ అని తలుపు మూసేముందు ‘ఎక్కడికైతే పంపగలం?’ అని ఒక్కసారి ఆలోచించండి. గల్ఫ్‌లో ఇళ్లల్లో పనికి వెళ్లి కష్టాల్లో పడ్డ మన ఆడవాళ్లు తమ గోడు మరో ఆడదానికి చెప్పుకున్నంత సులువుగా మగవాడికి చెప్పుకోలేరు.

పరుల డబ్బుతో చదవాలంటే

విదేశాల్లోనే చదవాలి, చదివే సత్తా ఉంది అంటే సంతోషం. అయితే వెళ్లే పద్ధతి ఇదీ. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్ ఒక ఏడాది మాస్టర్స్‌కు ఫీజు, ఖర్చులు భరిస్తుంది. కనీసం రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతుంది. చదువు ముగిశాక కనీసం రెండేళ్లు స్వదేశంలో ఉండాలంటుంది. అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్ ఉంది. అది మూడేళ్ల అనుభవం అడుగుతుంది. యూరోపులో ఎరాస్మస్ ముండస్ కింద ఎంపికైతే కోర్సు ఖర్చుతో పాటు నెలకు 1,400 యూరోల భత్యం ఉంటుంది. జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం నాయకత్వంలో నడిచే గ్లోబల్ స్టడీస్ మాస్టర్స్ ఈ పథకం కింద పేరు తెచ్చుకున్నదే. అరబీ బాగా వచ్చినవారికి దోహాలో 2015లో ప్రారంభమైన దోహా ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ బోధన ప్రధానంగా అరబీలోనే. తెలంగాణలో మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యకు 20 లక్షల రూపాయల దాకా ఇచ్చే ప్రభుత్వ పథకం ఉంది. ఆదాయ పరిమితి, ఏయే దేశాలు, ఏయే కోర్సులు అన్నది ఆ ఏడాది ప్రకటనలో చూసుకోవాలి. ఇంతకు ముందు కేంద్రం విద్యా రుణాలపై వడ్డీ భారాన్ని తగ్గించిన ‘పఢో పర్‌దేశ్’ పథకం 2022లో ఆగిపోయింది. దాన్ని నమ్ముకుని ఎవరైనా ఇప్పటికీ సలహా ఇస్తుంటే నమ్మకండి.

చీవెనింగ్, ఫుల్‌బ్రైట్‌ల షరతులను మరోసారి చూడండి. డబ్బు ఇచ్చేవాడు ముందు పని చేసి రమ్మంటున్నాడు. వాళ్లకు తెలియక కాదు. ఏదో ఒక సమస్యతో రెండు మూడేళ్లు కుస్తీ పట్టినవాడికే ఈ చదువు ఒంటబడుతుంది. కార్మికుల సంక్షేమ సంస్థలో, ఎగుమతి కంపెనీలో, పత్రికలో, కాన్సులేట్‌లో, న్యాయవాది దగ్గర - ఎక్కడైనా సరే. చిన్న జీతమైనా ఫరవాలేదు. అప్పుడు ‘నాకు ఈ సమస్య తెలుసు, దీన్ని తేల్చడానికి ఈ చదువు కావాలి’ అని దరఖాస్తులో రాయగలడు. ఎంపిక చేసేవారు చూసేది ఆ వాక్యం కోసమే. డిగ్రీ చేతికి రాగానే విమానం ఎక్కినవాడు రాయగలిగేది ‘నాకు ప్రపంచమంటే ఆసక్తి’ అని మాత్రమే. ఆసక్తి అందరికీ ఉంటుంది.

‘మూడేళ్లు ఆగితే పెళ్లి వయసు దాటిపోదా, చెల్లెలి నికాహ్ సంగతేమిటి?’ అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ 22 ఏళ్లకు ప్లాటు అమ్మి పంపిన కొడుకు 24 ఏళ్లకు అప్పుతో తిరిగి వస్తే చెల్లెలి నికాహ్ జరుగుతుందా? అదే కొడుకు ఇక్కడే ఉండి సంపాదిస్తూ, ఇంటికి ఇంత ఇస్తూ, సాయంత్రాలు అరబీ నేర్చుకుంటూ, 26 ఏళ్లకు స్కాలర్‌షిప్ మీద వెళితే ఇంటికి నష్టమేమిటి? ప్లాటు ప్లాటుగానే ఉంటుంది.

కాబట్టి మీ బిడ్డ ఈ చదువు పేరు చెప్పినప్పుడు కోప్పడకండి, మురిసిపోకండి. కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ ప్రాంతం గురించి తెలుసుకోవాలనుకుంటున్నావు? అక్కడి భాష ఎంతవరకు వచ్చు? ఆ పనికి దగ్గరగా ఉన్న ఏ పనైనా చేశావా? డబ్బు ఎవరు పెడతారు? నాలుగింటికీ జవాబు ఉంటే ఆశీర్వదించి పంపండి. రెండింటికే ఉంటే మిగిలిన రెండింటికి రెండేళ్లు గడువు ఇవ్వండి. ఒక్కదానికీ లేకపోతే బిడ్డకు కావలసింది చదువు కాదు, వీసా. ఆ రెండూ ఒకటి కావన్న సంగతి ప్లాటు అమ్మకముందే తెలియడం మంచిది.